ఇంటికి వచ్చిన తాబేలు: దాని తిండి, దాని సంరక్షణ

(మన సంఘపు వారపు సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



ఈ వేదికపై నిలిచినవారు సాధారణముగా భాషను గూర్చియో, బడులను గూర్చియో, సంఘపు చందాలను గూర్చియో మాట్లాడుదురు. నేడు మేము తాబేటిని గూర్చి మాట్లాడదలచితిమి. నవ్వదలచినవారు నవ్వవచ్చును. కాని హోసూరులోను, కృష్ణగిరిలోను మనవారి యిండ్లు కొన్నింట ఇటీవల తాబేళ్లు పెరుగుచున్నవి. బెంగుళూరినుండి కొని తెచ్చినవారు కొందరు. పొలము గట్టున దొరకినదని తెచ్చుకొన్నవారు కొందరు. ఊరు విడిచిపోవుచున్న స్నేహితుడు "ఇకమీద మీరే చూచుకొనుడు" అని యప్పగింపగా కాదనలేక తీసికొన్నవారు కొందరు. మొదటి వారము ఇల్లంతయు దాని చుట్టే తిరుగును. రెండవ నెలలో అంగడికి వచ్చి, "అది తినుట లేదు, కన్నులు తెరచుట లేదు, ఏమి చేయవలెను?" అని మమ్ము అడుగుదురు. మేము పశువైద్యులము కాము. అయినను పెంచి యెరిగినవారిని, వైద్యులను అడిగి తెలిసికొన్నదియు, చదివినదియు ఒకచోట చేర్చి చెప్పుట యవసరమని తోచినది. దీనికి సంబంధించిన నియమములు తమిళమున, ఆంగ్లమున ప్రకటింపబడుచున్నవే గాని తెలుగు మాత్రమే చదువగల మన యింటి పెద్దలకు చేరుట లేదు. పిల్లలు తెలుగు చదువలేని యిండ్లలో పెద్దలే దీనిని చదివి వినిపింతురుగాక.

మొట్టమొదట తెలియవలసినది, మన యింటనున్నది ఏ తాబేలు అనునది. అది తెలియక తిండిని గూర్చి మాట్లాడుట వ్యర్థము.

నల్లని యెత్తైన డొప్ప, ఆ డొప్పమీది ప్రతి బిళ్ల నడుమను పసుపుపచ్చని మచ్చ, ఆ మచ్చనుండి కిరణములవలె నలుదెసలకు వ్యాపించిన పసుపు గీతలు ఉన్నచో అది నక్షత్ర తాబేలు. అది మన నేలది. గుజరాతు, రాజస్థానముల మెట్టలలోను, ఆంధ్ర, కర్ణాటక, తమిళనాడుల మెట్టలలోను, సింహళములోను పుట్టి పెరుగును. కృష్ణగిరి కావలి ప్రక్కనే యున్న కుప్పము, పలమనేరు ప్రాంతపు కౌండిన్య అభయారణ్యములో నది కలదు. తొలకరి పడగానే పొదలు విడిచి పచ్చిక మేయుటకు బయటికి వచ్చును. మనవారి కంటబడి బుట్టలోనికి చేరునదియు అప్పుడే.

ఈ తాబేటిని ఇంట నుంచుకొనరాదు. ఇందులో మినహాయింపు లేదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టమును 2022లో సవరించి, దీనిని పులి, ఏనుగులున్న మొదటి షెడ్యూలులో చేర్చిరి. ఆ సవరణ 2023 ఏప్రిలు 1వ తేదీనుండి అమలునందున్నది. మొదటి షెడ్యూలు ప్రాణి విషయమున నేరము రుజువైనచో మూడేండ్లకు తక్కువ గాని, ఏడేండ్లకు మించని కారాగారము, 25,000 రూపాయలకు తక్కువ గాని జరిమానా విధింపబడును. అడవి ప్రాణి ప్రభుత్వపు ఆస్తియని ఆ చట్టమే చెప్పుచున్నది. అది ఏ విధముగా చేతికి వచ్చినను 48 గంటలలోపల సమీపపు పోలీసు ఠాణాలోగాని, అధికారము గల అటవీ యుద్యోగికిగాని తెలుపవలెను. "మేము కొనలేదు, దొరకినది" అనుట సమాధానము కాజాలదు.

చట్టమింత కఠినమగుటకు కారణము కలదు. మన దేశమున ఒక్క వ్యాపార కేంద్రమునకు ఒక్క యేడాదిలో కనీసము 55,000 నక్షత్ర తాబేళ్లు అడవులనుండి చేరుచున్నవని 2015లో వెలువడిన యొక పరిశోధన తెలిపినది. మేమును వ్యాపారులమే, సరకు లెక్క మాకు తెలియును. ఒక ఆడ తాబేలు ఈతకు పెట్టు గ్రుడ్లు పట్టుమని పదికి మించవు. పిల్లలలో నెన్నియో నక్కలకు, కాకులకు ఆహారమగును. ఇట్టి ప్రాణిని వేలకొలది యెత్తుకొనిపోయినచో మూలధనమే హరించును. 2019లో ప్రపంచ దేశములన్నియు జెనీవాలో కూడి, దీని యంతర్జాతీయ వాణిజ్యమును పూర్తిగా నిషేధించినవి.

మన యిరుగుపొరుగు తమిళులలో నొక సామెత కలదు: తాబేలు చొచ్చిన యిల్లును, అమీను చొచ్చిన యిల్లును బాగుపడవని. దానిని మూఢనమ్మకమని మేమును నవ్వినవారమే. ఈ చట్టము వచ్చిన పిమ్మట తాబేలు ముందు చొచ్చిన యింటికి అమీను వెనుకనే వచ్చునేమో! దీనికి మారుగా, తాబేలున్న యింట లక్ష్మి నిలుచునని తెచ్చుకొనువారు మనలో నున్నారు. అంగడి గల్లాపెట్టెపై ఇత్తడి తాబేటిని నీటి పళ్లెములో నుంచుకొనుట మాకును తెలియును. అది తిండి యడుగదు, దానిపై కేసు లేదు, అట్టిదే యుంచుకొనుడు. శ్రీకూర్మమున ఆలయములో నక్షత్ర తాబేళ్లు లేవా యని మమ్మొకరడిగిరి. ఉన్నవి. కూర్మావతారము వెలసిన క్షేత్రములో, అందరి కన్నుల యెదుట, ప్రత్యేకముగా నేర్పరచిన యావరణములో నున్నవి. దానిని చూపి మన పెరటికి అనుమతి తెచ్చుకొనలేము.

ఇక రెండవ రకము. గీతలు, నక్షత్రములు లేక ఇసుక రంగు డొప్ప, ముందు కాళ్లపై ముండ్లవంటి దట్టమైన పొలుసులు, వెనుక తొడలపై కొమ్ములవంటి మొనలు ఉన్నచో అది ఆఫ్రికా తాబేలు. అమ్మువారు దీనిని సల్కాటా యందురు. సహారా యెడారికి దక్షిణపు టంచున, సెనెగలునుండి ఎర్రసముద్రపు వైపునకు వ్యాపించిన గడ్డి నేలలు దీని జన్మస్థానము. దీనిని ఉంచుకొనుటకు నిషేధము లేదు గాని నమోదు తప్పనిసరి. 2024 ఫిబ్రవరి నెలాఖరున కేంద్ర ప్రభుత్వము ప్రకటించిన నియమముల ప్రకారము, ఇట్టి విదేశీ ప్రాణి చేతికి వచ్చిన 30 దినములలోపల పరివేష్ అను ప్రభుత్వపు సైటులో నమోదు చేసికొనవలెను. అది పిల్లలు పెట్టినను, చేతులు మారినను, చచ్చినను తెలుపవలెను. స్నేహితుడు ఇచ్చిపోయిన తాబేలైనచో అతని పేరనున్న నమోదును మన పేరునకు మార్పించుకొనవలెను.

మన పిల్లలు అమెరికాలో, ముఖ్యముగా అరిజోనావంటి రాష్ట్రములలో ఉద్యోగములు చేయుచు, అచ్చటి యెడారి తాబేటి పెంపకపు పద్ధతులను ఇంటికి వ్రాసి పంపుచున్నారు. ఆ రాష్ట్రమున పెంపుడు తాబేటిని ప్రభుత్వపు వన్యప్రాణి శాఖవారే, పెరడును, అందులో బొరియయు చూపిన యిండ్లకు దత్తత యిచ్చుచున్నారు. మరల యెడారిలో విడువకూడదని నియమము. ఏలయన ఇంట పెరిగినది ఊపిరి జబ్బును అడవివానికి అంటించును. మెచ్చదగిన యేర్పాటే. కాని ఆ తాబేలు వేరు, ఇది వేరు. ఆ యెడారి తాబేలు చలికాలమంతయు బొరియలో నిద్రపోవును, తిండి యక్కరలేదు. ఆఫ్రికా తాబేటికి ఆ నిద్ర లేదు. అచ్చటి పద్ధతి నిచ్చట పాటించి, కార్తీకములో తాబేటిని అట్టపెట్టెలో నుంచి మూత వేసినచో సంక్రాంతికి పెట్టె మాత్రమే మిగులును.

ఇప్పుడు తిండి. ఇదియే మేము ముఖ్యముగా చెప్పదలచినది. కుక్కకు పడని తిండి పెట్టినచో కక్కును. ఆవునకు పడనిచో పాలు తగ్గును. తాబేటికి పడని తిండి పెట్టినచో అది తినును, కొంత కాలము బాగుగనే యుండును; ఏడాదికో, రెండేండ్లకో డొప్ప మెత్తబడును, కాళ్లు వంకరపోవును, మూత్రాశయములో రాయి కట్టును. అప్పటికి కారణము మరచిపోవుదుము. "మా తాబేలు పెరుగన్నము కమ్మగా తినును" అని గర్వముగా చెప్పువారున్నారు. తినుట వేరు, పట్టుట వేరు. అన్నము, పాలు, పెరుగు, రొట్టె, బిస్కత్తు, పప్పు, గ్రుడ్డు, కుక్కలకు వేయు తిండి, ఇవి యేవియు దానికి కూడవు. ఎడారి యంచున ఎండుగడ్డి మేసి బ్రదుకుటకు తగిన పొట్ట దానిది. మన ప్రేమకు తగిన పొట్ట కాదు.

దాని తిండిలో పదింట ఎనిమిది వంతులకు తక్కువ గాకుండ గడ్డియే కావలెను. మనకు గడ్డికి కొదవ లేదు. వినాయకునికి వేయు గరికయే దీనికి పరమాన్నము. పచ్చిది దొరకని వేసవిలో ఎండు గరికగాని, రాగి గడ్డిగాని సన్నముగా తరిగి, నీరు చిలుకరించి పెట్టవచ్చును. రాగులు పండు ప్రాంతమున నుండి మనము సీమ గడ్డి పొట్లములను కొననేల? రాగి గడ్డి పెట్టుడు గాని రాగి సంకటి పెట్టవలదు. గడ్డికి తోడు పట్టుపురుగులకు వేయు మల్బరీ యాకు, మందారపు ఆకు, మందార పువ్వు మంచివి. పొలముల కంచెగా పెరిగిన నాగజెముడు మట్టలను ముండ్లు కాల్చి, ముక్కలు చేసి పెట్టినచో మిక్కిలి యిష్టముగా తినును. ఆ చెట్టు అమెరికానుండి వచ్చినదే. అచ్చటి యెడారి తాబేటికిని అది ఆహారమే. మునగాకు, ఉలవ తీగ వారమునకొక పిడికెడు చాలును, వానిలో మాంసకృత్తులు ఎక్కువ. పాలకూర, తోటకూర, గోంగూర మన కెంత రుచియైనను దానికి తరచుగా పెట్టరాదు; వానిలోని యామ్లము సున్నపు సత్తువను ఒంట పట్టనీయదు.

మామిడిపండును గూర్చి ప్రత్యేకముగా చెప్పవలెను, ఏలయన ఇది కృష్ణగిరి. మామిడికాలమున తాబేటికి కూడ ముక్కలు వేయుట మన యింటి వేడుక. పండులోని చక్కెర దాని పొట్టలో పులిసి, భేదులు కలిగించును. పొట్టలో పురుగులు పెరుగును. ఆఫ్రికా తాబేటికి పండు వలదు, ఒక్క ముక్కయు వలదు.

హోసూరువారికి మరియొక మాట. గులాబీ తోటలనుండి పారవేసిన పువ్వులను, సంతలో మిగిలిన కోసుగడ్డ యాకులను ఉచితముగా వచ్చినవని యేరి తెచ్చి పెట్టుచున్నారు. ఎగుమతి గులాబీపై ఎన్ని మందులు చల్లుదురో అందరికిని తెలిసినదే. కోసును మందులు లేనిదే పండించుట యరుదు. అది లేకపోయినను కోసు ప్రతిదినము పెట్టదగినది కాదు. మన పెరటి మందారము చాలును. పెరటిలోనే గన్నేరు, ఉమ్మెత్త, జిల్లేడు ఉన్నచో వానిని ముందుగా పెరికివేయుడు. తాబేలు విచారించి తినదు.

డొప్ప గట్టిపడుటకు సున్నపు సత్తువ కావలెను. అందుకై తాంబూలపు సున్నము పూసి పెట్టినవారి గూర్చి వింటిమి. నోరు పొక్కును, అట్లు చేయరాదు. మూలికల యంగళ్లలో సముద్రపు నురుగు అని యొక తెల్లని తేలిక వస్తువు దొరకును, అది యొక సముద్ర ప్రాణి యెముక. ఒక ముక్కను ఆవరణములో నుంచినచో తాబేలే కావలసినంత కొరుకుకొనును.

ఎంత సున్నపు సత్తువ పెట్టినను ఎండ లేనిదే అది ఒంట పట్టదు. కిటికీ యద్దము గుండ వచ్చు వెలుతురు ఎండ కాదు. అద్దము కావలసిన కిరణమునే అడ్డగించును. ఉదయము కొన్ని గంటలు నేరుగా ఎండలో తిరుగనీయవలెను, ప్రక్కనే నీడ యుండవలెను. నీడ లేని డాబాపై విడిచి పనికి పోయినచో సాయంత్రమునకు బ్రదికి యుండదు.

నీటి విషయములో రెండు విధముల పొరపాటు జరుగుచున్నది. తాబేలనగానే నీటి తొట్టిలో వేయువారు కొందరు. పూర్వము నూతి నీరు శుభ్రపడునని నూతులలో తాబేటిని విడుచుట మన పెద్దల వాడుక. అది నీటి తాబేలు. మెట్ట తాబేటికి ఈత రాదు. తొట్టిలో వేసినచో మునిగి చచ్చును. (ఆ నీటి తాబేటిని పట్టుటయు నేడు నేరమే.) ఎడారి ప్రాణి యని అసలు నీరే చూపనివారు మరికొందరు. ఇదియు తప్పే. పళ్లెములో దాని గడ్డము వరకు మాత్రమే గోరువెచ్చని నీరు పోసి, పిల్లయైనచో దినము విడిచి దినము, పెద్దదైనచో వారమున కొకసారి, పావుగంట సేపు నిలుపవలెను. అది త్రాగును, మూత్రము విడుచును. మూత్రముతో పాటు తెల్లని ముద్ద వచ్చుట సహజము. అది యిసుకవలె గరగరలాడినచో నీరు చాలలేదని యెరుగవలెను. పెంపుడు తాబేటి డొప్పపై బుడిపెలు లేచుటకు మాంసకృత్తులే కారణమని చాల కాలము తలచిరి. వియెన్నా పరిశోధకులు 2003లో ఈ యాఫ్రికా తాబేటి పిల్లలనే పెంచి చూచి, గాలిలో తేమ చాలకపోవుటయే ముఖ్య కారణమని తేల్చిరి. ఎడారిలో నైనను పిల్ల తాబేలు తేమగల బొరియలో దాగి యుండును గాని ఎర్రటి యిసుకపై పడియుండదు.

తాబేటిని మాటిమాటికి ఎత్తుట పిల్లల కాటగా నుండును. అమెరికా యెడారిలో, తాబేలు కనబడినను ఎత్తవలదని ప్రజలకు చెప్పుచుందురు. బెదరినచో అది మూత్రాశయములో దాచుకొన్న నీటిని విడిచివేయును. ఆ నీరే దాని వేసవి గ్రాసము. కొత్తగా వచ్చినదానిని మొదటి పదిదినములు దానిమానాన విడువవలెను. రెండు మూడు దినములు తినకున్నను బలవంతముగా నోరు తెరువరాదు. ముట్టినవారు సబ్బుతో చేతులు కడుగుకొనవలెను; దాని ఒంటిపై కడుపు జబ్బు కలిగించు క్రిమి యుండవచ్చును. డొప్ప యెముకయే; పైని పొరలో ప్రాణమున్నది, స్పర్శ తెలియును. పసుపు కుంకుమలు పూసినను, నూనె రాచినను, రంగు వేసినను, దారము కట్టుటకు రంధ్రము చేసినను అది బాధయే.

హోసూరు చలిని తక్కువగా తలపరాదు. మార్గశిర పుష్యములలో రాత్రులు మనమే కంబళి కప్పుకొందుము. వాన తడియు, చలియు కలసినచో తాబేటికి ఊపిరితిత్తుల జబ్బు వచ్చును. ముక్కున బుడగలు, నోరు తెరచి మెడ చాచి ఊపిరి తీయుట దాని గురుతులు. రాత్రి వేళ ఎండుగడ్డి పరచిన పొడి గదిలో నుంచి, చలి హెచ్చుగానున్న దినములలో వెచ్చదనమునకు దీపము గాని, వేడి పలక గాని అమర్చవలెను.

జబ్బు చేసినప్పుడు తాబేళ్లనెరిగిన వైద్యుని కొరకు బెంగుళూరు వరకు పోవలసివచ్చినను పోవుడు. ఒక్క మాట మాత్రము గట్టిగా గురుతుంచుకొనుడు. పశువులకు, కుక్కలకు పురుగుల మందుగా వేయు ఐవర్‌మెక్టిన్ తాబేటికి విషము. పల్లెలో మంచి మనసుతో సూది వేయువారు ఇది యెరుగకపోవచ్చును. సూది వేయకముందే మందు పేరడుగుడు. జబ్బును ముందుగా కనిపెట్టుటకు మా వృత్తిలోని సాధనమే చాలును: వారమున కొకసారి తక్కెడలో తూచి, తేదీతో చిట్టాలో వ్రాయుడు. పెరుగుచుండవలసిన పిల్ల రెండు వారములు వరుసగా తగ్గినచో కన్నులకు బాగుగా కనబడినను వైద్యుని చూడవలెను.

కొనబోవువారికి ఒక లెక్క చెప్పుదుము. అంగడిలో అరచేతిలో ఇమిడిన ఈ ఆఫ్రికా పిల్ల, పదిపదునైదేండ్లలో ఒక రాగుల మూటంత, నలువది యేబది కిలోల తూకమగును. మన పెరటి గోడ క్రింద బారల లోతున బొరియ త్రవ్వును. డెబ్బదేండ్లు బ్రదుకును. నేడు పదేండ్ల పిల్లవాని ముచ్చటకు కొన్నది, వాని మనుమల కాలమున కూడ గడ్డి యడుగుచుండును. ఇల్లును, పొలమును ఎవరి వాటాకు వచ్చునో పెద్దలు చెప్పినట్లే తాబేలు ఎవరిదో కూడ చెప్పి పోవలెను. రెండవ అంతస్తులో అద్దె కుండువారు దీనిని కొనరాదని మా యభిప్రాయము. కొనుటకు ముందు విముఖులైనచో తప్పు లేదు. కొన్న పిమ్మట కెలవరపల్లి జలాశయపు గట్టునో, కొండ మీదనో విడిచివచ్చుట మాత్రము పాపము, నేరము కూడ.

ఇక నక్షత్ర తాబేలున్న యిండ్లవారికి. భయముతో రాత్రివేళ కొండపై విడిచి వచ్చుట సమాధానము కాదు. ఇంట పెరిగినది అడవివానికి జబ్బు నంటింపవచ్చును. ఎచ్చటి కొండదో ఎచ్చట విడిచితిమో తెలియదు. 2018లో సింగపూరులో చిక్కిన 51 నక్షత్ర తాబేళ్లను విమానములో బెంగుళూరునకు తెచ్చినప్పుడు కూడ వానిని వెంటనే అడవిలో విడువలేదు. ముందు పరీక్షించి, వేరుగా నుంచి కనిపెట్టిరి. ఆ పని చేయవలసినవారు అటవీశాఖవారు. హోసూరులో ఆ శాఖ డివిజను కార్యాలయము కలదు. ఆలస్యమైనకొలది మనము చెప్పుకొనుటకు మాట తగ్గును. తామే తెచ్చి యిచ్చినంత మాత్రమున ఏ చిక్కును రాదని మేము పూచీ పడలేము. మన వకీలు మిత్రుని సలహా ముందుగా తీసికొనుట మంచిది.

ఇట్టి కుటుంబములకు తోడుగా సోమవారము ఉదయము పది గంటలకు సంఘమునుండి మేమును, మరి యిద్దరును కార్యాలయమునకు వచ్చెదము. దొరకిన చోటు, దొరకిన తేదీ, పెట్టిన తిండి ఒక కాగితముపై వ్రాసి తెండు. వారికి అది యుపయోగపడును. తాబేటిని ప్లాస్టిక్ సంచిలో తేవలదు. గాలి యాడు వెదురు బుట్టలో అడుగున ఎండు గరిక పరచి, పైన తడి గుడ్డ కాక పొడి గుడ్డ కప్పి, బుట్టకొక దానిని మాత్రమే ఉంచి తెండు.